ఎమ్మే జాగ్రఫీలో వలసల మీద డిసర్టేషన్: ఏ ఎలెక్టివ్స్ తీసుకోవాలి?

కోస్గి_పిలగాడు:
అందరికీ నమస్తే. ఎమ్మే జాగ్రఫీ మొదటి సెమిస్టర్ అయిపోయింది. మూడో సెమ్‌లో సినాప్సిస్ (డిసర్టేషన్‌లో ఏం చేస్తామో చెప్పే చిన్న ప్లాన్) ఇవ్వాలి, నాలుగో సెమ్ మొత్తం డిసర్టేషన్. మాది కోస్గి వైపు, బొంబాయికో పుణెకో పనికి పోయొచ్చిన మనిషి లేని ఇల్లు మా ఊళ్ళో తక్కువ, అందుకే పాలమూరు (మహబూబ్‌నగర్) వలసల మీదే చేయాలని ఉంది. ఎలెక్టివ్స్‌లో పాపులేషన్, అర్బన్, అగ్రికల్చరల్, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసి విశ్లేషించేది) ఉన్నాయి, వీటిలో రెండే తీసుకోనిస్తారు. సీనియర్లేమో కళ్ళు మూసుకుని జీఐఎస్ తీసుకో, ఉద్యోగం వస్తుంది అంటున్నారు. నాకు మ్యాపుల కంటే మనుషులతో మాట్లాడటం ఇష్టం. 'మహబూబ్‌నగర్ జిల్లా వలసలు: కారణాలు, ప్రభావాలు' అని టైటిల్ రాసిస్తే గైడ్ సార్ చూసి నవ్వి పక్కన పెట్టేశారు. టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పటాల_పిచ్చి:
సార్ ఎందుకు నవ్వారో నేను చెప్తాను తమ్ముడూ. ఏ మహబూబ్‌నగర్? 2011 జనాభా లెక్కల్లో ఉన్న జిల్లా వేరు, ఇప్పుడున్నది వేరు. 2016 అక్టోబర్‌లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. మీ కోస్గి ఇప్పుడు నారాయణపేటలో ఉంది కదా. సెన్సస్ వాళ్ళ వలస టేబుల్స్ పాత జిల్లా లెక్కనే ఉంటాయి, వాటిని కొత్త జిల్లాలకు పంచడం కుదరదు. ఊరివారీగా దొరికేది ప్రైమరీ సెన్సస్ ఆబ్‌స్ట్రాక్ట్, అంటే జనాభా, పనివాళ్ళ లెక్కల పట్టిక. అందులో ఏడాదికి ఆరు నెలల లోపే పని దొరికినవాళ్ళ సంఖ్య ఉంటుంది. దాన్ని ఊళ్ళ కోడ్‌లతో కలిపి కొత్త మండలాలకు లెక్క కట్టుకోవచ్చు, కానీ అది పని కరువు సంగతి చెప్తుంది తప్ప వలస సంగతి చెప్పదు, సినాప్సిస్‌లో రెండూ కలిపేశావో వైవాలో అక్కడే పట్టుకుంటారు.

ఇంకో చిక్కు. సెన్సస్ అడిగేది 'ఇంతకుముందు ఎక్కడ ఉండేవారు' అని. దీపావళి తర్వాత పోయి తొలకరికి తిరిగొచ్చే మనిషి ఆ ప్రశ్నకు చాలావరకు దొరకడు. నెల దాటి, ఆరు నెలల లోపు పనికి పోయినవాళ్ళ గురించి విడిగా అడిగింది 2007-08లో జరిగిన ఎన్‌ఎస్‌ఎస్ (నేషనల్ శాంపిల్ సర్వే) 64వ రౌండ్, అది పాతబడిపోయింది, పైగా అది శాంపిల్ సర్వే, ఒక మండలం గురించి ఏమీ చెప్పలేదు. 2027 జనగణన లెక్కలు వస్తాయని ఆగావంటే నీ డిగ్రీ ముందే అయిపోతుంది. కాబట్టి జీఐఎస్ తీసుకో, క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కనీసం ఊళ్ళ మ్యాపు నువ్వే గీసుకోగలగాలి.

ఫీల్డ్_అక్క:
పైన చెప్పిన డేటా సంగతి అక్షరాలా నిజం, కానీ జీఐఎస్ గురించి మాత్రం నేను ఒప్పుకోను. లెక్కలే లేవని నువ్వే చెప్పి, మళ్ళీ మ్యాపు గీయమంటే దేన్ని గీస్తాడు? క్యూజీఐఎస్ సెలవుల్లో సొంతంగా నేర్చుకోవచ్చు తమ్ముడూ. పేపర్లుగా పాపులేషన్, అగ్రికల్చరల్ తీసుకో. ఎందుకంటే నీ అసలు ప్రశ్న అక్కడుంది: కోయిల్‌సాగర్, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్ళొచ్చిన ఊళ్ళలో వలస పోవడం ఆగిందా, లేక భూమి ఉన్నవాళ్ళకే ఆగిందా? నీళ్ళు పారే ఒక ఊరు, పారని ఒక ఊరు, రెండే పెట్టుకో. జిల్లా మొత్తం వద్దు.

క్యాలెండర్ ఇప్పుడే వేసుకో. జనవరిలో సర్వేకి పోతే ముసలోళ్ళు, పిల్లలు తప్ప ఎవరుంటారు ఇళ్ళల్లో? పనికి పోయినవాళ్ళు దొరికేది దసరాకి, పీర్ల పండక్కి (మొహర్రం). పీర్ల పండగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, నువ్వు నాలుగో సెమ్ వచ్చేదాకా ఆగితే రెండూ దాటిపోతాయి. అంటే మూడో సెమ్ మధ్యలోనే ఫీల్డ్ వర్క్ అవ్వాలి, దానికి ముందే సినాప్సిస్ ఓకే చేయించుకోవాలి, ప్రశ్నావళి ఇప్పటి సెలవుల్లోనే మీ పక్కూళ్ళో నాలుగిళ్ళలో అడిగి చూడాలి.

ఊళ్ళోకి గుంపు మేస్త్రిని, అంటే కూలీలను పనికి తీసుకెళ్ళే మనిషిని, పట్టుకుని మాత్రం పోకు. అడ్వాన్సు ఇచ్చింది ఆయనే, ఆయన పక్కన నిలబడి ఉంటే కూలి ఎంత, అప్పు ఎంత అన్నదానికి నీకు నిజం ఎవరు చెప్తారు? ఆడవాళ్ళను విడిగా అడుగు, అదీ వీలైతే క్లాసులో ఉన్న అమ్మాయిని వెంట తీసుకెళ్ళి.

కోస్గి_పిలగాడు:
ఇద్దరికీ థ్యాంక్స్. నీళ్ళొచ్చిన ఊరు ఒకటి నా మనసులో ఉంది, మా మేనత్త వాళ్ళది. కానీ అక్కడ ఇప్పుడు నాట్లకి బీహార్ వాళ్ళు వస్తున్నారు! మరి నా టాపిక్ ఏమవుతుంది?

పటాల_పిచ్చి:
అదే నీ టాపిక్ బాబూ. పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నారంటే పని లేక పోతున్నారన్న మాట ఒక్కటే సరిపోదు, ఎకరానికి ఎంత ఇస్తున్నారు, ఎవరు మాట్లాడి తెస్తున్నారు, అదే పనికి మీ ఊరివాళ్ళు ఎందుకు ఉండటం లేదు అని అడగాలి. అక్క చెప్పిన పేపర్లే తీసుకో, జీఐఎస్ మీద నేను పట్టుబట్టను.

ఫీల్డ్_అక్క:
మేనత్త వాళ్ళింట్లో దిగు, పర్లేదు, కానీ వాళ్ళ కులం, వాళ్ళ పొలం చూసి జనం నీతో ఒకలా మాట్లాడతారని మెథడాలజీ చాప్టర్లో రాయి. సార్‌ని కలిసేటప్పుడు ఉత్త చేతులతో పోకు, రెండు ఊళ్ళ పేర్లు, ఒక ప్రశ్న, నెలలవారీ ప్లాన్ ఒకే పేజీలో రాసుకుని వెళ్ళు.