అప్‌డేట్: హెచ్‌ఐవీలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అణిగినా సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) పెరగకపోతే మందు మార్చాలా?

నేను అడిగింది ఇదీ: టీఎల్‌డీ మాత్ర (టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యూటెగ్రావిర్ మూడూ కలిసిన హెచ్‌ఐవీ మందు) మొదలై 14 నెలలు, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడటం లేదు, సీడీ4 మాత్రం 90 నుంచి 170కే చేరింది. మందు మార్చాలా?

వచ్చిన జవాబు: అక్కర్లేదు. వైరస్ అణిగిందంటే మందు పనిచేస్తున్నట్టే. మార్చినంత మాత్రాన సీడీ4 పెరగదు. మొదటి ఏడాది సాధారణంగా 50–150 పెరుగుతుంది. బాగా పడిపోయాక మొదలుపెట్టినవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు ఇంకా నెమ్మది. జ్వరంలో పరీక్ష చేయిస్తే అంకె తగ్గి కనిపించొచ్చు, సీడీ4 శాతం కూడా చూడమనండి.

అసలు జాగ్రత్త వేరేచోట. సీడీ4 ఇంకా 200 కూడా దాటలేదు కాబట్టి ఇన్‌ఫెక్షన్లు రాకుండా రోజూ వేసే కోట్రైమోక్సజోల్ డబుల్ స్ట్రెంగ్త్ మాత్ర సొంతంగా ఆపొద్దు, దయచేసి. మన ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లలో 6 నెలల తేడాతో రెండుసార్లు 350 పైన వస్తేనే ఆపే మాట. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా టీబీ పరీక్ష. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలైతే, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటల తర్వాత డోల్యూటెగ్రావిర్ 50 మి.గ్రా. అదనంగా ఇస్తారు.

గ్యాస్‌కి తాగే గులాబీరంగు మందు సంగతి చాలామంది డాక్టరుకు చెప్పరు. అది డోల్యూటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వదు. దానికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి.