హైడెల్‌బర్గ్ చిత్రకారులను ఇంప్రెషనిస్టులు అనవచ్చా?

ప్రశ్న: యర్రా తీరం

నమస్కారం. ఆస్ట్రేలియా చిత్రకళలో హైడెల్‌బర్గ్ స్కూల్ అని పేరుపడిన బృందాన్ని గురించి లోతుగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారన్న నమ్మకంతో ఈ ప్రశ్న అడుగుతున్నాను. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తరువాత, తీరిక దొరికినప్పుడల్లా ఫెడరేషన్ స్క్వేర్‌లో ఉన్న విక్టోరియా నేషనల్ గ్యాలరీకి వెళ్తున్నాను. అక్కడ టామ్ రాబర్ట్స్, ఫ్రెడరిక్ మెకబిన్, ఆర్థర్ స్ట్రీటన్, చార్లెస్ కాండర్ల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ‘ఆస్ట్రేలియన్ ఇంప్రెషనిజం’ అన్న మాట వినిపిస్తుంది. ఇంప్రెషనిజం అంటే క్షణక్షణం మారే వెలుతురును రంగుల్లో పట్టుకునే ఫ్రెంచి చిత్రకళా ధోరణి కదా, నా సందేహమంతా ఆ మాట గురించే.

రాబర్ట్స్ 1890లో పూర్తిచేసిన ‘షియరింగ్ ద రామ్స్’ చిత్రాన్నే తీసుకోండి. ఉన్ని కత్తిరించే మనుషుల ముంజేతుల బిగువు, కొట్టం దూలాలు, వంగిన నడుములు అన్నీ గట్టి గీతతో, ఎక్కడా కొలత తప్పని డ్రాయింగుతో ఉన్నాయి. మెకబిన్ 1904లో వేసిన ‘ద పయొనీర్’ మూడు పలకల మీద ఒక వలస కుటుంబం కథను వరుసగా చెబుతుంది. ఫ్రెంచి ఇంప్రెషనిస్టులు మోనే, పిసారోల ప్రకృతి చిత్రాల్లో ఇటువంటి కథ ఉండదు; గీత రంగులో కరిగిపోతుంది; విడివిడి రంగులు పక్కపక్కన నిలిచి దూరం నుంచి చూసినప్పుడు కలిసిపోతాయి. ఇంత తేడా ఉన్నవారిని ఒకే పేరుతో పిలవడం సబబేనా? అలాగని ఈ చిత్రాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జనవరి ఎండలో ఇక్కడి బీళ్ళ మీద నేను చూసే వెలుతురు స్ట్రీటన్ చిత్రాల్లో ఉన్నంత నిజంగా మరెవరి చిత్రాల్లోనూ నాకు కనిపించలేదు. ఆ వెలుతురును వారు ఏ పద్ధతిలో సాధించారో కూడా తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

జవాబు: పాత కుంచె

యర్రా తీరం గారూ, మీ సందేహంలో న్యాయం ఉంది. అయితే మీరు ఉదాహరణగా తీసుకున్న రెండూ ఈ బృందం ప్రదర్శనల కోసం, ప్రజల మెప్పు కోసం పెద్ద కొలతల్లో తీర్చిదిద్దిన చిత్రాలు. ‘షియరింగ్ ద రామ్స్’ కోసం రాబర్ట్స్ న్యూ సౌత్ వేల్స్‌లో కోరోవా దగ్గరున్న బ్రాక్లెస్‌బీ గొర్రెల క్షేత్రానికి వెళ్ళి అక్కడికక్కడే ఎన్నో స్కెచ్‌లు వేసుకున్నాడు కాని, దాన్ని పూర్తిచేసింది మెల్‌బోర్న్ స్టూడియోలో. ఈ బృందం ఇంప్రెషనిస్టు స్వభావం తెలియాలంటే ముందుగా చూడవలసినవి జానెడు చెక్కల మీద వేసిన చిన్న చిత్రాలు.

వారు ఇంప్రెషనిజాన్ని పారిస్ నుంచి నేరుగా తెచ్చుకోలేదన్నది మొదట గుర్తుపెట్టుకోవలసిన విషయం. 1881లో లండన్ వెళ్ళి రాయల్ అకాడమీ పాఠశాలలో చేరిన రాబర్ట్స్, 1883లో స్పెయిన్ దేశంలో పర్యటించినప్పుడు గ్రనడాలో రమోన్ కాసాస్, లారెయానో బర్రావ్ అనే యువ చిత్రకారులను కలుసుకుని, ఆరుబయట ఈజిల్ నిలిపి ఎదుట ఉన్న వెలుతురును ఉన్నదున్నట్టు పట్టుకోవడం గురించి వారితో చర్చించాడు. 1884లో అమెరికన్ చిత్రకారుడు విస్లర్ లండన్‌లో చిన్న చిన్న పలకల మీద వేసిన చిత్రాలతో ప్రదర్శన పెట్టినప్పుడు కూడా రాబర్ట్స్ అక్కడి విద్యార్థే. విస్లర్ వర్ణ సామరస్యం, ఫ్రాన్స్‌లో బాస్తియాన్-లెపాజ్ అనే చిత్రకారుడు పల్లె జీవితాన్ని చిత్రించిన తీరు, ఈ రెండూ కలిసినదే రాబర్ట్స్ 1885లో మెల్‌బోర్న్‌కు మోసుకువచ్చిన పెట్టుబడి. మీకు ‘షియరింగ్ ద రామ్స్’లో కనిపించే గట్టి డ్రాయింగు బాస్తియాన్-లెపాజ్ వైపు నుంచి వచ్చిందే.

తిరిగివచ్చిన ఏడాదే రాబర్ట్స్, మెకబిన్, లూయిస్ అబ్రహామ్స్ ముగ్గురూ బాక్స్‌హిల్ దగ్గర ఒక రైతు పొలంలో గుడారం వేసుకుని చిత్రాలు వేయడం మొదలుపెట్టారు. రైలు 1882లోనే అక్కడిదాకా వచ్చింది కనుక నగరంలో పనిచేసుకునేవారు కూడా సెలవురోజున అడవి అంచుకు చేరుకోగలిగేవారు. ఆ మరుసటి వేసవిలో మెంటోన్ సముద్రతీరాన రాళ్ళ మీద కూర్చుని బొమ్మ వేసుకుంటున్న స్ట్రీటన్ వారి కంటబడ్డాడు. అప్పటికి అతను లితోగ్రఫీ (రాతి పలక మీదనుంచి బొమ్మలు అచ్చువేసే) పని నేర్చుకుంటున్న కుర్రవాడు. 1888లో మెల్‌బోర్న్ శివార్లలోని హైడెల్‌బర్గ్‌కు రైలు వచ్చింది. అదే ఏడాది స్ట్రీటన్‌కు దాని పక్కనున్న ఈగిల్‌మాంట్ గుట్ట మీద పాడుబడిన ఒక ఇంట్లో ఉండే వీలు దొరికింది. రాబర్ట్స్, సిడ్నీ నుంచి వచ్చిన కాండర్ కూడా అక్కడ చేరారు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1889 ఆగస్టు 17న మెల్‌బోర్న్ స్వాన్‌స్టన్ వీధిలోని బక్స్‌టన్ గదుల్లో ‘9 బై 5 ఇంప్రెషన్ ఎగ్జిబిషన్’ ప్రారంభమైంది. ఇంప్రెషన్ అన్న మాటను ఎవరో తరువాత అంటించలేదు. వారే ఎంచుకుని గోడకు ఎక్కించారు. అబ్రహామ్స్ కుటుంబానిది పొగాకు వ్యాపారం కావడంతో చుట్టల పెట్టెల మూతలు వారికి సులభంగా దొరికేవి. తొమ్మిది అంగుళాల పొడవు, అయిదు అంగుళాల వెడల్పు ఉన్న అటువంటి చెక్కల మీద వేసినవే ఎక్కువగా ఉన్న ఆ ప్రదర్శనలో మొత్తం 183 చిత్రాలు ఉంచారు. క్షణికమైన ప్రభావాన్ని అది చెదిరిపోకముందే నమోదు చేయడమే తమ ఉద్దేశమని కేటలాగులో స్పష్టంగా చెప్పుకున్నారు. ‘ది ఆర్గస్’ పత్రికలో విమర్శకుడు జేమ్స్ స్మిత్ తీవ్రంగా దుయ్యబడితే, ఆ సమీక్షను చించి ప్రదర్శన ద్వారం దగ్గరే అంటించారు. ‘హైడెల్‌బర్గ్ స్కూల్’ అన్న పేరు మాత్రం వారు పెట్టుకున్నది కాదు. 1891లో సిడ్నీ డికిన్సన్ అనే అమెరికన్ విమర్శకుడు స్ట్రీటన్, వాల్టర్ విదర్స్‌ల చిత్రాలను సమీక్షిస్తూ ఆ మాట వాడాడు.

అందువల్ల నా అభిప్రాయం ఇది: పని పద్ధతిలో వారు నిస్సందేహంగా ఇంప్రెషనిస్టులు; రంగును విడగొట్టే ఫ్రెంచి సూత్రాన్ని బట్టి చూస్తే, ఆ తొలి దశకంలో కారు.

జవాబు: తైలవర్ణం

పాత కుంచె గారు చరిత్ర చక్కగా చెప్పారు. నేను చిత్రలేఖనం బోధిస్తాను కనుక మీ రెండో ప్రశ్నకు, అంటే వెలుతురు గురించి అడిగినదానికి, నాకు తెలిసిన మేరకు చెబుతాను.

ముందు అక్కడి చెట్టును చూడాలి. యూకలిప్టస్ మనవారికి కొత్త కాదు; ప్రకాశం, ఖమ్మం ప్రాంతాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్ తోటలు ఆ జాతివే. మధ్యాహ్నం పూట ఏపుగా ఎదిగిన జామాయిల్ చెట్టు కింద నిలబడితే నీడ ఎంత పలచనో తెలుస్తుంది. పెద్ద చెట్టు ఆకులు నేలవైపు నిలువుగా వేలాడుతూ, నడినెత్తిన ఉన్న సూర్యుడికి అంచు మాత్రమే చూపిస్తాయి. మర్రి, మామిడి చెట్ల మాదిరిగా ఆకుపచ్చని ముద్దగా కొమ్మలు కప్పుకుపోవు. కొమ్మల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది. ఆకు రంగు కూడా పచ్చి ఆకుపచ్చ కాదు, బూడిద కలిసిన పసరు రంగు. అక్కడ వేసవి వచ్చేది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో. అప్పటికి గడ్డి ఎండి బంగారు రంగుకు తిరుగుతుంది. అంటే చిత్రకారుడి ముందు ఉన్నది నీలం, బంగారం, వాటి నడుమ సన్నని బూడిదరంగు. ఐరోపా పాఠ్యక్రమంలో నేర్పే ముదురు గోధుమ నీడలతో మొదలుపెట్టే పద్ధతి అక్కడ పనికిరాదు. నీడలోనూ వెలుతురే నిండి ఉంటుంది.

మీ గ్యాలరీలోనే ఉన్న స్ట్రీటన్ చిత్రం ‘ద పర్పుల్ నూన్స్ ట్రాన్స్‌పరెంట్ మైట్’ ముందు కాసేపు నిలబడండి. హాక్స్‌బరీ నదిని ఎత్తైన గట్టు మీదనుంచి చూస్తూ 1896లో మండుటెండలో వేసిన చిత్రం అది. కాన్వాసు దాదాపు చతురస్రం. ఆ ఆకారం వల్ల చూపు అడ్డంగా పరుగెత్తకుండా నదితోపాటు పైకి, లోపలికి సాగుతుంది. దగ్గరికి వెళ్తే కుంచె ముద్రలు విడివిడిగా కనిపిస్తాయి. వారంతా ఇష్టపడి వాడినది కొస చదరంగా ఉండే బల్లపరుపు కుంచె. దానితో రంగును ఒక్కసారి అద్ది వదిలేస్తారు, రుద్దరు. నీటి మీద అడ్డంగా, గట్టు మీద ఏటవాలుగా, చెట్ల దగ్గర పొట్టిపొట్టిగా ఆ అద్దకాలు దిశ మార్చుకుంటాయి. చివరన ఉన్న కొండలకు, నదికి దాదాపు ఒకే కుటుంబానికి చెందిన నీలాలు వాడి, మధ్యనున్న వేడి రంగుల నేలతో వాటిని విడదీశాడు. వేడిగాలిలో దూరపు కొండ ఎలా పలచబడుతుందో అందులో చూడవచ్చు.

ఈ ఒక్క విషయంలో పాత కుంచె గారితో నాకు కొంత భేదం ఉంది. విడి చుక్కలు లేవు కనుక ఫ్రెంచి సూత్రం లేదనడం పూర్తిగా సరికాదని నా భావన. ఎండకూ నీడకూ నడుమ తేడాను నలుపు తెలుపులతో కాక వేడి, చల్లని రంగులతో చెప్పడమే ఇంప్రెషనిజం సాధించిన పెద్ద మార్పు అనుకుంటే, స్ట్రీటన్ 1890 నాటికే ఆ పని చేస్తున్నాడు. పైగా పారిస్‌తో వారికి బొత్తిగా సంబంధం లేదనడానికీ వీల్లేదు. రాబర్ట్స్‌తో కలిసి స్పెయిన్ తిరిగిన జాన్ పీటర్ రసెల్ అనే ఆస్ట్రేలియన్ చిత్రకారుడు ఫ్రాన్స్‌లో స్థిరపడి, 1886లో బెల్-ఈల్ ద్వీపంలో మోనేను కలుసుకుని, అతను పనిచేస్తుండగా దగ్గరనుంచి చూసి, తాను గ్రహించినవి రాబర్ట్స్‌కు ఉత్తరాల్లో రాస్తూ వచ్చాడు.

జవాబు: కొండవాగు

పై ఇద్దరి మాటలూ విలువైనవే, కాని ఈ చిత్రాల గురించి మాట్లాడేటప్పుడు తరచుగా దొర్లే ఒక అతిశయోక్తిని ఇక్కడే సరిదిద్దాలి. ఆస్ట్రేలియా నేలను మొదటిసారి నిజంగా చూసింది ఈ నలుగురేనని, అంతకుముందు వచ్చినవారంతా ఇంగ్లండు చెట్లనే వేశారని చెప్పుకుంటూ ఉంటారు. 1831లో టాస్మేనియా చేరిన జాన్ గ్లోవర్ యూకలిప్టస్ కొమ్మల వంపును, ఆకుల సందుల్లోని ఆకాశాన్ని శ్రద్ధగా చిత్రించాడు. స్విట్జర్లాండ్ నుంచి 1865లో మెల్‌బోర్న్ వచ్చిన లూయి బువెలోను ఈ యువకులే గురుతుల్యుడిగా భావించారు.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. స్ట్రీటన్ 1889లో వేసిన ‘గోల్డెన్ సమ్మర్, ఈగిల్‌మాంట్’లో బంగారు రంగు బీడు, గొర్రెలు, పొడుగు నీడలు ఎంత ప్రశాంతంగా ఉన్నా, ఆ బీడు ప్రకృతి ఇచ్చినది కాదు. అక్కడి ఆదిమవాసులైన వురుంజెరీ ప్రజల నేలను స్వాధీనం చేసుకుని, చెట్లు కొట్టి, పశువులను మేపగా ఏర్పడిన దృశ్యం అది. ఆ చిత్రంలో వారెవరూ లేరు. అదే సంవత్సరాల్లో, మెల్‌బోర్న్‌కు తూర్పున హీల్స్‌విల్ దగ్గర కొరాండర్క్ అనే ఆదిమవాసుల స్థావరంలో వురుంజెరీ పెద్ద విలియం బరాక్ తన ప్రజల నృత్యోత్సవాలను, పొస్సమ్ అనే చిన్న జంతువు చర్మపు కప్పడాలు ధరించిన మనుషులను జేగురు రంగులతో, బొగ్గుతో కాగితం మీద చిత్రిస్తూ ఉన్నాడు. ఆయన 1903లో మరణించాడు. యర్రా నదీ లోయ గురించి ఆ కాలంలో వచ్చిన చిత్రాలను చూడాలనుకునేవారు బరాక్‌ను వదిలేసి స్ట్రీటన్‌ను మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఈ మాట నేను నిష్ఠూరంగా కాక, ఆ చిత్రాల మీద ఉన్న ప్రేమతోనే చెబుతున్నాను.

నలుగురి పేర్లే చెప్పుకునే అలవాటు వల్ల స్త్రీలు కూడా వెనకబడిపోయారు. జేన్ సదర్లాండ్, క్లారా సదర్న్, జేన్ ప్రైస్ విక్టోరియా నేషనల్ గ్యాలరీ నడిపిన చిత్రకళా పాఠశాల వాతావరణంలోనే ఎదిగి, అదే బయలులో పనిచేశారు. ఆ కాలపు మర్యాదలు పురుషులతోపాటు గుడారంలో రాత్రి ఉండనివ్వవు కనుక సదర్లాండ్ పొద్దున రైలెక్కి బాక్స్‌హిల్ వెళ్ళి, సాయంత్రానికి తిరిగివచ్చేది. సాయం సంధ్యను, వేకువను పట్టుకోవడానికి అక్కడే రాత్రి గడిపినవారికి ఉన్న వెసులుబాటు ఆమెకు లేదన్నది ఆమె చిత్రాలు చూసేటప్పుడు గుర్తుంచుకోవాలి. తరువాతి కాలంలో వారండైట్‌లో స్థిరపడిన క్లారా సదర్న్‌కు ఆ వెసులుబాటు దొరికింది. ఆమె 1900 ప్రాంతంలో వేసిన ‘యాన్ ఓల్డ్ బీ ఫార్మ్’లో పొద్దువాలిన తరువాత మిగిలే మసక వెలుగు ఈ బృందంలో మరెవరికీ తీసిపోదు.

ప్రశ్న అడిగినవారు: యర్రా తీరం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చదరపు కుంచె గురించి చదివాక స్ట్రీటన్ చిత్రాన్ని మళ్ళీ దగ్గరగా చూడాలనిపిస్తోంది. ఒక్క చిన్న ప్రశ్న: ‘ద పయొనీర్’ అంత కథాప్రధానంగా వేసిన మెకబిన్‌ను ఈ చర్చలో ఎక్కడ నిలపాలి? అతను చివరిదాకా అలాగే వేశాడా?

జవాబు: పాత కుంచె

మంచి ప్రశ్న అడిగారు. తైలవర్ణం గారి సవరణను అంగీకరిస్తూనే ఈ జవాబు రాస్తున్నాను, ఎందుకంటే మెకబిన్ విషయంలో ఆ రంగుల సూత్రం చివరి దశలో స్పష్టంగా కనిపిస్తుంది. రొట్టెల దుకాణం నడిపే కుటుంబంలో పుట్టిన మెకబిన్ యాభై ఏళ్ళు దాటేదాకా ఐరోపా చూడలేదు. 1907లో తొలిసారి వెళ్ళినప్పుడు లండన్‌లో ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ చిత్రాలు అతన్ని కదిలించాయి; మోనేను కూడా చూశాడు. తిరిగివచ్చిన తరువాత కథలు, వలస కుటుంబాలు, దారితప్పిన పిల్లలు క్రమంగా వెనక్కి తగ్గి, పాలెట్ కత్తితో పొరలుగా వేసిన విడివిడి రంగులు కాన్వాసంతా పరుచుకున్నాయి. 1911 నాటి ‘వయొలెట్ అండ్ గోల్డ్’లో చెట్ల మధ్య పశువులు ఉన్నాయన్న సంగతి కాసేపటికి గాని తెలియదు, ముందు కనిపించేది ఊదా, పసుపు రంగుల కదలికే. మీరు ఫ్రెంచి ఇంప్రెషనిజంలో చూసి, ఇక్కడ లేదనుకున్న లక్షణం ఇదే. మీరు చెప్పిన నలుగురిలో వయసులో అందరికంటే పెద్దవాడు, సంప్రదాయానికి అందరికంటే దగ్గరగా మొదలైనవాడు చివరకు అటువైపు అందరికంటే ముందుకు వెళ్ళాడన్నమాట.

ఆ చిత్రమూ, ‘గోల్డెన్ సమ్మర్’ చిత్రమూ కాన్బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. సిడ్నీ వెళ్ళే అవకాశం ఉంటే న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీలో స్ట్రీటన్ ‘ఫైర్స్ ఆన్’ తప్పక చూడండి. బ్లూ మౌంటెన్స్ కొండల్లో రైలు సొరంగం తవ్వుతుండగా 1891లో వేసినది. పేలుడులో చనిపోయిన కార్మికుణ్ణి సొరంగం నోటినుంచి మోసుకువస్తున్నారు, కాని ఆ మనుషులు చీమల్లా చిన్నగా ఉంటారు. కాన్వాసును ఆక్రమించింది ఎండకు తెల్లబడిన రాతి చరియ, దాని మీద ముదురు నీలం ఆకాశం. ప్రయాణం కుదిరేలోపల, ఈగిల్‌మాంట్ స్టేషన్‌లో దిగి నడిస్తే యర్రా నది వెంట ఆయా చిత్రాలు వేసిన చోట్ల ఏర్పాటుచేసిన వివరణ ఫలకాలు కనిపిస్తాయి. వాటిని చూడటానికి జనవరి మధ్యాహ్నం వెళ్ళడమే మేలు.