ఎక్స్‌పీ సిస్టమ్‌లో ఫైళ్లు విండోస్ 11 ల్యాప్‌టాప్‌లోకి ఎలా తెచ్చుకోవాలి?

అందరికీ నమస్కారం. నాన్నగారి డీటీపీ షాపు మూసేశాక అక్కడి సిస్టమ్ ఇంటికి తెచ్చాం. విండోస్ ఎక్స్‌పీ. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఆయన చేసిన శుభలేఖలు, కరపత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయి, దాదాపు 30 జీబీ. మా పెళ్లి కార్డు కూడా! ఒక్కటి పోయినా ఆయన తట్టుకోలేరు.

రెండూ ఒకే రూటర్‌కి కలిపాను. వర్క్‌గ్రూప్ పేరు ఒకటే, పింగ్‌కి (రెండో సిస్టమ్ అందుతోందా అని చూసే పరీక్ష) జవాబొస్తోంది. ఫోల్డర్ తెరవబోతే మాత్రం నెట్‌వర్క్ పాత్ దొరకలేదంటోంది.

ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ 1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఒక్కటే వచ్చట, కొత్త విండోస్‌లో అది ఆఫ్‌లో ఉంటుందట. విండోస్ ఫీచర్స్‌లో టిక్ పెట్టొచ్చు గానీ, 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ పాకింది అందులోని లోపం వల్లే కదా, అదే టెన్షన్. ఇంటర్నెట్ తీసేసి, కాపీ అయ్యేదాకా ఆన్ చేసి, తర్వాత ఆఫ్ చేస్తే ప్రమాదం లేనట్టేనా?

పెన్‌డ్రైవ్ ప్రయత్నించాను. పాత యూఎస్‌బీ పోర్టు, 2 జీబీకే అరగంట దాటింది. హార్డ్ డిస్క్ విప్పి ఐడీఈ అడాప్టర్‌తో (పాత డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపేది) ల్యాప్‌టాప్‌కి తగిలించమన్నారొకరు. కానీ ఆన్ చేసినప్పుడల్లా అది టిక్ టిక్‌మంటోంది, కదపాలంటే భయంగా ఉంది. ముందు ఏది చేయమంటారు?