ఆవకాయా, నొప్పి బిళ్ళలా? నాన్న కడుపులో పుండుకు కారణం ఏది?

లంక_పిల్లోడు:
మాది అమలాపురం దగ్గర ఒక లంక. నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. ఈమధ్య మోషన్ తారులా నల్లగా, జిగటగా అవుతుంటే ఐరన్ బిళ్ళల వల్లేమో అని ఊరుకున్నాం. తర్వాత కాఫీ పొడి రంగులో వాంతి, ఒళ్ళంతా చెమటలు, కళ్ళు తిరిగి గట్టు మీద పడిపోయాడు. ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదట్లో, డుయోడినంలో, అల్సర్ ఉందన్నారు. రక్తం కారుతున్న చోట క్లిప్పు వేశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఆవకాయ పెట్టి మనిషిని ఇలా చేశావు" అని అమ్మ మీద పడుతున్నారు. అమ్మ జాడీలు పారబోస్తానంటోంది. నడుముకీ మోకాళ్ళకీ నాన్న ఏళ్ళ తరబడి నొప్పి బిళ్ళలు వాడుతున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి, కారణం ఏది?

చావడి_పెద్ద:
బాబూ, ఇందులో చర్చ ఏముంది? తెల్లారకుండా చద్దన్నంలో ఆవకాయ నంజుకుని చెట్టెక్కడం, మధ్యాహ్నం మూడింటికి భోజనం, రాత్రికి ఒక క్వార్టరు. పేగు ఎంతకని ఓర్చుకుంటుంది? వరి తినే దక్షిణాదిలో ఈ పేగుపుండు ఎక్కువని పాత వైద్య పుస్తకాల్లోనే ఉంది. మా తోడల్లుడు కారం మానేసి మజ్జిగన్నం పట్టాడు, మంట పోయింది. నొప్పి బిళ్ళలు ఊరంతా మింగుతుంది. ఊరంతా రక్తం కక్కుతోందా?

మందుల_కొట్టు:
ఆవకాయ కూడా ఊరంతా తింటుంది కదండీ, మరి అందరూ కక్కుతున్నారా? కారం తింటే ఉన్న పుండు మండొచ్చు. లేని పుండు పుట్టదు. పెద్ద కారణాలు రెండే. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే డాక్టర్లు దీన్ని పట్టుకున్నారు, 2005లో నోబెల్ వచ్చింది. రెండోది నొప్పి బిళ్ళలు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్. చుట్టా, తాగుడూ తోడైతే పుండు ఓ పట్టాన మానదు. తమ్ముడూ, ఆసుపత్రిలో ఆ క్రిమి పరీక్ష చేశారా?

పుంతరోడ్డు:
ఆ మార్షల్ క్రిమిని తాగేసి అల్సర్ తెచ్చుకున్నాడట కదా.

మందుల_కొట్టు:
1984లో తాగాడు. వచ్చింది గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి పొర వాపు. అల్సర్ కాదు.

చావడి_పెద్ద:
విన్నారా? క్రిమిని తాగినవాడికే పుండు రాలేదు. దానికో నోబెల్!

మందుల_కొట్టు:
ఆయన కొన్నాళ్ళకే యాంటీబయాటిక్ వేసుకున్నాడండీ. మనలో చాలామందికి చిన్నప్పుడే ఈ క్రిమి పడుతుంది, పుండు పడేది మాత్రం కొందరికే. మీరు ఆ ఒక్క ముక్కే పట్టుకు వేలాడుతున్నారు.

బరిలో_డేగ:
ఇంత గొడవెందుకు, చల్లటి పాలు తాగించండి.

మందుల_కొట్టు:
పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుంది, తర్వాత కడుపులో యాసిడ్ ఇంకా ఊరుతుంది. వైద్యం అది కాదు.

లంక_పిల్లోడు:
అక్కా, కాగితాల్లో ఆ పరీక్ష నెగెటివ్ అని ఉంది. యాసిడ్ తగ్గడానికి పాంటాప్రజోల్ రాశారు.

చావడి_పెద్ద:
క్రిమి లేదని తేలిపోయింది. బిళ్ళలంటావా, అన్నం తిన్నాకే వేసుకుని ఉంటాడు. ఇక మిగిలింది కారమే కదా!

మందుల_కొట్టు:
రక్తం కారుతున్నప్పుడు చేసిన పరీక్షలో నెగెటివ్ వస్తే నమ్మడానికి లేదు, మళ్ళీ చేయించాలి. దానికి ముందు పాంటాప్ రెండు వారాలు మానాలి. ఎప్పుడు మానాలో డాక్టరు చెబుతారు, ఇప్పుడు మీ అంతట మీరు ఆపకండి, పుండు మళ్ళీ కారొచ్చు. క్రిమి ఉందని తేలితే మూడు నాలుగు మందులు కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. మధ్యలో మానేయకూడదు. ఇక అన్నం తిన్నాక వేసుకుంటే బిళ్ళ పుండు చేయదన్నది ఉత్త మాట. అది పనిచేసేది రక్తంలో కలిశాక.

చావడి_పెద్ద:
ఎవరు చెప్పారమ్మా? బిళ్ళ కడుపులో పడుతుంది కాబట్టి ఒరుసుకుంటుంది. సూది మందు కండలోకి పోతుంది, కడుపును ముట్టదు. అందుకే నేను ఎవరికైనా సూదే వేస్తాను.

బరిలో_డేగ:
"వేస్తాను" అంటే? పెద్దాయనా, మీరు ఆర్ఎంపీయా!

మందుల_కొట్టు:
ఇదన్నమాట సంగతి. కడుపు గోడను కాపాడే జిగురు పొర తయారవడానికి శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. నొప్పి మందు వాటినే ఆపేస్తుంది, నోట్లో వేసినా సూదితో ఎక్కించినా అంతే. దాంతోపాటు డెక్సా లాంటి స్టెరాయిడ్ కూడా కలిపితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మీరు కలుపుతారా, లేదా?

లంక_పిల్లోడు:
మా ఊళ్ళోనూ ఇంతే. నాన్నకు వారం వారం ఒక సూది, చిన్న కాగితం కవర్లో ఒక తెల్ల బిళ్ళ, ఒక పచ్చ బిళ్ళ. ఏ కవరు మీదా పేరు ఉండదు. నిన్న ఆ డాక్టరే పలకరించడానికి వచ్చి, ఆవకాయ మానిపించమ్మా అని అమ్మకు చెప్పి, టీ తాగి వెళ్ళాడు. నా కడుపుమంట అంతా దాని గురించే.

చావడి_పెద్ద:
అవును, ఆర్ఎంపీనే. అర్ధరాత్రి వరదలో లంకకు పడవ కట్టుకుని ఏ ఎంబీబీఎస్ వస్తాడు? దింపువాడు నడుం పట్టేసి వస్తాడు. పది రోజులు విశ్రాంతి తీసుకోమని నేనూ చెప్పగలను. ఆ కూలి మీరిస్తారా? మాటలు చెబుతున్నావు, మీ కొట్టులో చీటీ లేకుండా డైక్లో అమ్మరా?

మందుల_కొట్టు:
అమ్ముతారు. ఓనరు చీటీ అడగొద్దంటాడు. అంతమాత్రాన మీ సూది మంచిదైపోదు. కూలి బాధ మా ఇంట్లోనూ ఉంది, మా నాన్న చేపల చెరువు మీద కాపలా. ఇవ్వాల్సి వస్తే పేరు రాసి ఇవ్వండి. మోషన్ నల్లబడితే ఆపేసి ఆసుపత్రికి పరుగెత్తమని చెప్పండి. ఒకసారి పుండు పడ్డవాళ్ళకీ పెద్ద వయసువాళ్ళకీ అసలు ఇవ్వకండి. తప్పంతా ఇంటి ఆడదాని జాడీ మీదకు తోయకండి.

చావడి_పెద్ద:
పేరు రాస్తే రేపు ఏదైనా అయినప్పుడు ఆ కవరే నా మీద సాక్ష్యం. నేను రాయను.

రేవు_దాటి:
మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మా అమ్మకు స్టెంట్ వేశారు. రోజూ ఎకోస్ప్రిన్ వేసుకుంటోంది. అదీ ఆస్పిరినే కదా, ఆపేయమంటారా?

మందుల_కొట్టు:
వద్దండీ, సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టరును అడిగి, కడుపుకు రక్షణగా ఇంకో బిళ్ళ కావాలేమో కనుక్కోండి.

పుంతరోడ్డు:
పెద్దాయన వెళ్ళిపోయినట్టున్నారు.

లంక_పిల్లోడు:
పెద్దాయనా, ఉన్నారా? కవర్లన్నీ తీసుకుని రేపు అమలాపురం వెళ్తున్నా. మీలాంటివాళ్ళు ఇచ్చే ఆ పచ్చ బిళ్ళ ఏమిటో మీకైనా తెలుస్తుందేమో.

చావడి_పెద్ద:
ఫొటో పెట్టు.