కన్నతల్లిని కొండ కింద వదిలి వెళ్లినవానికి మూడు నెలల శిక్ష చాలునా?

తిరుచానూరు వాసి:

గత కార్తీకమాసంలో తిరుపతి రైల్వేస్టేషన్ ఎదుట, విష్ణునివాసం గోడ పక్కన, ఒక ముసలమ్మ రెండు రోజులు అక్కడి నుంచి కదలకుండా కూర్చొని ఉండడం చూశాను. దర్శనం టోకెన్లు తెస్తానని కొడుకు వెళ్లాడని మొదటి రోజు చెప్పిన ఆమె, మరునాడు పోలీసులు ఊరి పేరు అడిగేసరికి, "నేనే దోవ తప్పినాను నాయనా, వాని తప్పేమీ లేదు" అని మాట మార్చింది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై ఏళ్లు నిండినవారిని, వారి సంరక్షణ చూడవలసిన వ్యక్తి పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే, దాని 24వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అదే పని పన్నెండేళ్లలోపు బిడ్డ విషయంలో చేస్తే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 93వ సెక్షన్ ఏడేళ్ల వరకు శిక్ష విధిస్తుంది. బిడ్డ మరణిస్తే హత్యగానో, హత్య కాని ప్రాణహరణంగానో విచారించే దారిని కూడా తెరిచి ఉంచుతుంది. కళ్లు సరిగా కనబడని, ఫోన్ నంబరు గుర్తులేని ఎనభై ఏళ్ల మనిషికి ఆ జనసమ్మర్దంలో పసిబిడ్డకు ఉన్నపాటి నిస్సహాయతే ఉన్నప్పుడు, ఈ రెండు నేరాల నడుమ ఇంత అంతరం ఎందుకుండాలి?

చిత్తూరు న్యాయవాది:

మీ ఆవేదన అర్థమైంది, కానీ పెద్దలను గౌరవించడం ధర్మం. ధర్మం తప్పిన ప్రతివాడినీ ఏడేళ్లు జైల్లో పెట్టలేము. ఇల్లు రాయించుకున్న తరువాత తల్లిని తెచ్చి వదిలినవాడూ, కూలి దొరకక, మతిమరుపు ముదిరిన తల్లికి కాపలా ఉండలేక చేతులెత్తేసినవాడూ ఒకే బోనులో నిలబడాలా? పైగా శిక్ష పెరిగేకొద్దీ ఆ తల్లి నోరు ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

తిరుచానూరు వాసి:

ఇద్దరూ సమానులని నేనూ అనను. ఉద్దేశాన్ని బట్టి, తెలివిడిని బట్టి నేరానికి మెట్లు కట్టడమే మన శిక్షాస్మృతి పద్ధతి. ఒక ప్రాణం పోయిన చోటే హత్యను, హత్య కాని ప్రాణహరణాన్ని, నిర్లక్ష్యం వల్ల సంభవించిన మరణాన్ని వేరు చేసి చూస్తున్నాము. అయితే ఇక్కడ చట్టం కట్టింది ఒకే ఒక్క మెట్టు, అదీ నేలకు ఆనించి. చేతగాక వదిలినవానికి ఇప్పటి శిక్షే ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఆస్తి చేతికొచ్చాక వదిలినవానిని, మందు తప్పితే ప్రాణానికే ముప్పని తెలిసి వదిలినవానిని పై మెట్టున నిలబెట్టాలన్నదే నా వాదన. పోషిస్తానన్న షరతు తప్పితే అదే 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ ట్రిబ్యునల్ ఆస్తి రాసిచ్చిన దస్తావేజును రద్దు చేయగలదు, నిజమే. దానివల్ల ఇల్లు తిరిగి వస్తుందేమో కాని, రైలు కూతల మధ్య ఆమె గడిపిన రెండు రాత్రులకు జవాబు రాదు.

ఇక గౌరవం మాట. వయసును పూజించమని నేను చట్టాన్ని కోరడం లేదు. నిస్సహాయతను లెక్కలోకి తీసుకోమంటున్నాను. బిడ్డ విషయంలో తీసుకున్నది దానినే కదా. తల్లి నోరు విప్పదన్న మీ భయం నిజమే, ఆమెను చూసినవాడిగా ఒప్పుకుంటున్నాను. కానీ 25వ సెక్షన్ ప్రకారం ఈ నేరంపై పోలీసులు తామే కేసు పెట్టవచ్చు, ఆమె ఫిర్యాదు కోసం ఎదురుచూడనక్కరలేదు. టోకెన్లు ఇచ్చే చోట కెమెరాలు ఉన్నాయి, టోకెన్‌కు ఆధార్ అడుగుతారు. వెదకాలనుకుంటే దారి ఉంది.

ఆ ముసలమ్మను ఒక ఆశ్రమానికి చేర్చారు. అక్కడి రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా "దారి తప్పినవారు" అని రాసుకున్నారు.