అప్‌డేట్: కోర్సు పూర్తి చేశాను

బరువుతో పరుగెత్తి, ఆ ఆయాసంలోనే గురిపెట్టాల్సిన తుపాకీ కోర్సుకి ఎలా సిద్ధమవ్వాలని అడిగాను కదా, పూర్తి చేశాను! కళింగపట్నం ఇసుకలో సంచి మోస్తూ నడవమన్న అన్నకి దండం, పిక్కలు నిలబడ్డాయి.

అసలు పరీక్ష ఊపిరిది. గుండె దడదడలాడుతుంటే ఫ్రంట్ సైట్ (గొట్టం చివరుండే గురి గుర్తు) ఊగిపోతుంది. ఊపిరి వదిలాక వచ్చే చిన్న విరామంలో ట్రిగ్గర్‌ని కుదుపు లేకుండా వెనక్కి లాగాలి. గుండ్లు వేయని ఎయిర్ రైఫిల్‌తో (గాలి ఒత్తిడితో పేలే .177 అంగుళాల తుపాకీ) ఇంటిదగ్గర చేసిన సాధన ఇక్కడే అక్కరకొచ్చింది.

మొదట్లో భద్రతే నేర్పారు, నాకు అదే బాగా నచ్చింది: ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకోవాలి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు.

బూట్ల గురించి అడిగిన తమ్ముడూ, కొత్తవి వేసుకెళ్లకు. ముందే తొడిగి అలవాటు చేసుకో.