భుజం ఆపరేషన్ అయిన మనిషి డ్యూటీకి వస్తున్నాడు, ఏం పని ఇవ్వాలి?

ప్రశ్న (గోడౌన్ సూపర్‌వైజర్):
ప్యాకింగ్, లోడింగ్ నేనే చూస్తాను. మా టీమ్‌లో ఒకతనికి భుజంలో రొటేటర్ కఫ్ (కీలుని పట్టి ఉంచే కండరాల పట్టీ) చిరిగితే ఆపరేషన్ చేసి కుట్టారు. వచ్చే సోమవారం జాయిన్ అవుతున్నాడు. డాక్టర్ చీటీ మీద ఒకటే ముక్క: ‘లైట్ వర్క్ మాత్రమే’. గోడౌన్‌లో లైట్ వర్క్ ఎక్కడుంటుందండీ? పూర్తిగా తగ్గాకే రమ్మనమని పైవాళ్ళ మాట. అతని పని మా నెత్తిన పడుతుందని టీమ్‌లో అప్పుడే గొణుగుడు. అతనేమో ‘సార్, నా ఉద్యోగం ఉంటుంది కదా’ అని ఫోన్ చేశాడు.

జవాబు (ఫిజియోథెరపిస్ట్):
ఇలాంటి చీటీలు రోజూ చూస్తుంటానండీ. రాసిన డాక్టర్‌కి మీ గోడౌన్ తెలియదు, చదివే మీకు ఆ భుజం తెలియదు. మధ్యలో నలిగేది అతను.

ముందు అతని పనిని విడగొట్టి కాగితం మీద పెట్టండి. పెట్టె ఎన్ని కిలోలు, ఎంత ఎత్తుకి ఎత్తాలి, గంటకి ఎన్నిసార్లు, చేయి భుజం కంటే పైకి లేపాల్సింది ఎక్కడ. అది అతని చేతికిచ్చి, ఏది చేయొచ్చు, ఏది వద్దు, ఎప్పటిదాకా అని డాక్టర్‌తో రాయించుకు రమ్మనండి. మిగతా వైద్యం వివరాలు మీకక్కర్లేదు, అడగొద్దు కూడా. బ్రిటన్‌లో జబ్బు చేస్తే డాక్టర్ రాసిచ్చే చీటీని సిక్ నోట్ అనేవాళ్ళు, 2010లో అది తీసేసి ఫిట్ నోట్ తెచ్చారు. గంటలు తగ్గిస్తే, పని మారిస్తే, మెల్లగా పెంచుకుంటూ పోతే చేయగలడా అని డాక్టర్ టిక్ పెట్టే గళ్ళు అందులో ఉంటాయి.

ఇక భుజం సంగతి. కుట్టింది ఎముకకి అతుక్కోడానికే సుమారు 12 వారాలు పడుతుంది, బలం రావడానికి ఇంకా నెలలు. నొప్పి మాత్రం చాలామందికి ముందే తగ్గిపోతుంది. భయమంతా అక్కడే. పక్కవాళ్ళు గొణుగుతుంటే ‘బానే ఉంది సార్’ అంటూ తనే పెట్టె ఎత్తేస్తాడు. మళ్ళీ చిరిగితే మొదటికొస్తుంది.

అలాగని పూర్తిగా తగ్గేదాకా ఇంట్లో కూర్చోబెట్టకండి. ఎన్నాళ్ళు దూరంగా ఉంటే తిరిగి రావడం అంత కష్టమవుతుంది. ఆ ఫోన్‌కి ఇవాళే జవాబివ్వండి, ఆ టెన్షన్‌తో నిద్ర కూడా పట్టదు.

జవాబు (నడుం ఆపరేషన్ అయి తిరిగి చేరినవాణ్ణి):
నన్ను గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారన్నా. పనీ పాటా లేదు. వచ్చేపోయేవాళ్ళంతా ‘హాయిగా ఉంది నీకు’ అనేవాళ్ళు. మానేద్దామనిపించింది. తర్వాత వచ్చిన మేనేజర్ స్టాక్ లెక్కలు అప్పగించాకే ఊపిరి ఆడింది. లేబుల్స్ చెకింగో, కొత్తవాళ్ళకి నేర్పడమో, చేయకపోతే నిజంగా ఆగిపోయే పని ఇవ్వు.

ప్రశ్న అడిగిన సూపర్‌వైజర్:
ఫోన్ చేసి ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పేశాను. పైవాళ్ళతో మాట్లాడే అన్నాను లెండి. పెట్టెల బార్‌కోడ్ స్కానింగ్, లేబులింగ్ ఇద్దామనుకుంటున్నా. మరి టీమ్ సంగతి?

జవాబు (ఫిజియోథెరపిస్ట్):
గొణుగుడులో న్యాయం ఉందండీ. టొరంటోలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ వర్క్ అండ్ హెల్త్ అనే పరిశోధన సంస్థ, తిరిగి పనిలో చేరేవాళ్ళ గురించి 2007లో ఇచ్చిన ఏడు సూత్రాల్లో ఇదీ ఒకటి: వచ్చేవాడికి సాయం చేస్తూ తోటివాళ్ళని నష్టపెట్టకూడదు. లోడింగ్‌కి ఇంకో మనిషిని అడగండి, లేదా టార్గెట్ తగ్గించండి. ఈ ఏర్పాటు ఫలానా తేదీ దాకా అని టీమ్‌కి చెప్పండి, అతని ఒప్పుకోలుతోనే.

స్కానింగ్ మంచిదే. టేబుల్ మాత్రం మోచేయి ఒంటికి ఆనించి పని చేసే ఎత్తులో ఉండాలి. స్కానర్ ఆపరేషన్ అయిన వైపు చేత్తో పట్టుకోనివ్వకండి.